విత్తనపు రొయ్యలు

మా అత్త పోయిన రోజు నాకు ఏడుపు రాలేదు. మా వైపు ఇది చిన్న తప్పేమీ కాదు. చావింట్లో ఎవరు ఎంత ఏడ్చారో వచ్చినవాళ్ళు కళ్ళారా చూసుకుని పోతారు, తిరుగు బస్సులో దాని గురించే మాట్లాడుకుంటారు. నేను గుమ్మం పక్కన నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. మొహం వీలైనంత వంకర చేశాను. ఒక్క చుక్క రాలేదు. "చదువుకునింది గదా, కండ్లు ఎండిపోయుండాయి" అని వెనక ఎవరో అన్నారు. నిజమేనేమోనని నేనూ అనుకున్నాను.

అత్త అంటే మా నాన్నకు అక్క. తమిళనాడులో కోవిల్‌పట్టి నుంచి విళాత్తికుళం పోయే దారిలో మెయిన్ రోడ్డు దిగి లోపలికి పోతే వాళ్ళ ఊరు. నల్లరేగడి నేల. వానొస్తే పంట, రాకపోతే కంపచెట్లు. మా అమ్మ కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పోయేది గనక, బడి లేని రోజుల్లో నన్ను అత్త దగ్గర వదిలేసేవాళ్ళు. అత్త నన్ను ముద్దు చేసిందని చెప్పలేను. పని చెప్పింది, తిట్టింది, కడుపునిండా పెట్టింది.

ఆమెను తలుచుకోగానే నాకు ముందు గుర్తొచ్చేది కుడిచేతి పిడికిలి. బొటనవేలు లోపలికి మడిచి, మిగతా వేళ్ళు దాని మీద మూసేది. ఊళ్ళో ఎవరికి విత్తనం కావాలన్నా అత్త ఇంటికి రావలసిందే. మిరప, పత్తి, సజ్జ, కొర్ర, ఏదైనా సరే బూడిద కలిపి సొరకాయ బుర్రల్లో, మసి పట్టిన కుండల్లో దాచి ఉంచేది. తూచేది కాదు, కొలిచేది కాదు. ఆ పిడికిలితోనే తీసి కొంగులో పోసేది. బొటనవేలు లోపలుంటే పిడికెడు తగ్గిపోతుంది గదా అని ఆడవాళ్ళు గొణిగేవాళ్ళు. "వేలు తగలకపోతే విత్తుకు నా ఇల్లు ఎట్ల గ్యాపకముంటాది?" అనేది అత్త.

ఇల్లు గుర్తుండటం ఎందుకంటే, పంట ఇంటికి చేరిన రోజు మొదటి పిడికెడు విత్తనమిచ్చిన ఇంటికి తిరిగి రావాలి. ఆ ఇంట్లో వండి ఎవరో ఒకరు ముందు నోట్లో వేసుకోవాలి. ఆ తర్వాతే పండించినవాళ్ళు ముట్టుకోవాలి. కొర్రలైతే అత్త కొడుకు, అంటే మా బావ, పరుగెత్తుకొచ్చి కూర్చునేవాడు. మిరపకాయలైతే మాత్రం ఆ ఒకరు ఎప్పుడూ నేనే అయ్యేదాన్ని. కళ్ళల్లోంచి, ముక్కులోంచి నీళ్ళు కారుతుంటే అత్త ఎదురుగా కూర్చుని మజ్జిగ గ్లాసు చేతికందకుండా పట్టుకుని, "కారముండాదా? బాగుండాదా?" అని అడిగేది. బాగుంది అన్నాకే మజ్జిగ.

చేలో మంచి కాపున్న చెట్టుకు పాత చీర చింపి ఎర్రగుడ్డ కట్టేది. అది తల్లిచెట్టు, దాని కాయ ఎవరూ కోయకూడదు. ఒకసారి ఆ గుడ్డ విప్పి నా బొమ్మకు చీర కట్టాను. అత్త కొట్టలేదు. తీసుకుపోయి ఆ మిరపచెట్టు పక్కన నిలబెట్టింది. "ఇప్పుడు గుడ్డ నువ్వే. కదిలితే చూడు" అంది. పొద్దు వాలేదాకా ఎండలో గుడ్డలాగా నిలబడ్డాను. దారిన పోయేవాళ్ళందరూ పలకరించి పోయారు.

తర్వాత ప్యాకెట్లు వచ్చాయి. విరుదునగర్ అంగళ్ళలో, కోవిల్‌పట్టి అంగళ్ళలో, మెరిసే ప్యాకెట్ల మీద అరచెయ్యంత మిరపకాయ బొమ్మలు. కొర్ర వేసేవాళ్ళు మానేశారు, పత్తి గింజ అడిగేవాళ్ళు పోయారు. విత్తనం అడగడానికి ఎవరూ రాకపోతే తిరిగొచ్చే పిడికెడూ ఉండదు. అయినా కోతలైన రోజుల్లో అత్త వాకిలి ఊడ్చి, అరుగు మీద కూర్చుని దారి చూసేది. లోపలికి రమ్మంటే, "వస్తాదిలే. అదెట్ల రాకుండా పోతాది?" అనేది. ఒక ఏడు ఇంకెవరూ రారని ఆమెకే అర్థమైనట్టుంది. "నా ఇంటి విత్తు ఇంక ఏ బూమిలోనూ లేదంటావా?" అని నన్నడిగింది. కాలేజీకి టైమైందన్నాను. అది ఆదివారం.

ఇక నా ఘనత చెప్పాలి. నేను విరుదునగర్‌లో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. డాక్టరేటు ఉంది. దేని మీద అంటే, సముద్ర తీరంలో వలలకు దొరికే రొయ్యలు గుడ్లు పెట్టే చోట్ల మీద. తాగే నీళ్ళకే బిందెలు పట్టుకుని లారీ వెంట పరుగెత్తే ఊళ్ళో పుట్టినదానికి ఆ చదువెందుకని అడగొద్దు, సీటు అందులో దొరికింది. రొయ్య నోట్లో పెడితే నా మొహం పూరీలా పొంగుతుంది, అలర్జీ. పడవెక్కితే కడుపులో తిప్పుతుంది. పరిశోధన కోసం సముద్రం లోపలికి పోయింది ఒక్కసారి. ఆ రోజంతా బకెట్టును కావలించుకుని పడుకున్నాను. మిగతా పరిశోధన సీసాల్లోనూ, వేరేవాళ్ళు గీసిన పటాల్లోనూ చేశాను. తెలుగు అక్షరాలు కూడా ఆ రోజుల్లో హాస్టల్లోనే ఒక నెల్లూరు అమ్మాయి నేర్పింది. మా ఇళ్ళల్లో తెలుగు నోటితో మాట్లాడటమే తప్ప రాయడం లేదు. నేను నోరు తెరిస్తే ఆ అమ్మాయి, "మా తాతమ్మ మాట్లాడినట్టుందే" అని పడీపడీ నవ్వేది. అత్త ఊళ్ళో మాత్రం నేను డాక్టరమ్మనే. మోకాళ్ళ నొప్పులకు మందడిగేవాళ్ళు.

అత్తకు రొయ్యతో పని పడింది మా బావ వల్ల. వాళ్ళ చేలో బావి నీళ్ళు ఉప్పగా ఉంటాయి. మిరపకు పోస్తే ఆకు మాడుతుంది. ఆ నీళ్ళతో రొయ్యలు పెంచవచ్చని ఎవరో చెబితే, బావ ఒక పక్క గుంట తవ్వించి, అడుగున ప్లాస్టిక్ పట్టా పరిచి, తీరం నుంచి టైగర్ రొయ్య పిల్లల్ని తెప్పించాడు. అవి గాలి నింపిన ప్లాస్టిక్ సంచుల్లో వచ్చాయి. అత్త ఆ సంచుల చుట్టూ ఒకసారి తిరిగి, "ఇదీ ప్యాకెట్టేనా?" అని లోపలికి పోయింది.

రొయ్యలు మాత్రం బాగా పెరిగాయి. పట్టుబడి రోజు అత్త గట్టు మీదకొచ్చి కొంగు నడుముకు చుట్టి, బుట్టల్లోంచి అన్నిటికంటే పెద్దవి ఏరి బిందెలో వేసుకోవడం మొదలుపెట్టింది. బావ బతిమాలాడు. అత్త వినలేదు. "అంతా అమ్ముకునేవాడు రైతా? వచ్చే తూరికి విత్తనానికి ఏం చేస్తావు? మళ్ళీ ప్యాకెట్టా?" అంది. అంతటితో ఆగితే బాగుండేది. ఉప్పు బావులున్నవాళ్ళు ఊళ్ళో ఇంకా ఉన్నారు గదా, వాళ్ళందరికీ కబురు పంపింది. వచ్చే తూరికి రొయ్య పిల్లలు మా ఇంట్లోనే పుడతాయి, కావలసినవాళ్ళు వచ్చి పిడికెడు పట్టుకుపోండి అని. ఎన్నో ఏళ్ళ తర్వాత జనం మళ్ళీ ఆమె అరుగు మీద కూర్చున్నారు. విత్తనం గురించి మాట్లాడుతుంటే అత్త మొహం వెలిగిపోయిందని బావ చెప్పాడు.

కొన్నాళ్ళకు నాకు ఫోనొచ్చింది. నేను క్లాసులో ఉన్నాను.

"ఏమే డాక్టరమ్మా, మా తల్లులు ఈనడం లేదు. వచ్చి చూసిపో."

"ఈనడం లేదంటే ఏందత్తా?"

"ఈనడం లేదంటే ఈనడం లేదు. దీనికే గదా నువ్వు పట్టం తీసుకునింది?"

ఆదివారం పోయాను. గుంటలో ఒక మూలకు పాత దోమతెరలు కట్టి గదిలాగా చేసింది. నాలుగు పక్కలా కర్రలు, కర్రలకు ఎర్రగుడ్డలు, వేపమండలు. బాలింత గదికి ఏమీ తక్కువ లేదు. బావ దూరంగా నిలబడి, "నువ్వే చెప్పు. నేను చెప్తే నన్ను ప్యాకెట్టోడంటాది" అన్నాడు.

"మీసానికి ఎర్రదారం కట్టి చూస్తిని," అంది అత్త. "తెంపుకుంటుండాయి."

మగదేదో ఆడదేదో తేల్చి చూపిద్దామని నేను పంతులమ్మ గొంతుతో పాఠం మొదలుపెట్టి, దోమతెరలో చెయ్యి పెట్టి ఒకదాన్ని పట్టుకున్నాను. సీసాలో రొయ్య ఎప్పుడూ అలా చెయ్యలేదు. ఒక్క ఎగురు ఎగిరి నా కళ్ళద్దాల మీద కొట్టింది. నేను వెనక్కి పడ్డాను. పడ్డది గట్టు మీద కాదు, బురదలో.

"ఇదేనా మీ కాలేజీలో నేర్పింది?" అంది అత్త, లేపుతూ.

బురద తుడుచుకుని అసలు సంగతి చెప్పాను. "అత్తా, ఇవి తల్లులు గాదు. ఇంకా పెద్దమనిషి గాలేదు."

"ఇంతేసి ఉండాయి గదే!"

"ఒళ్ళు పెరిగింది, అంతే. వయసు రావాలంటే వీటికి కడల్ కావల్ల, సముద్రం లోతు కావల్ల. ఆడికి పోతేనే కడుపు పండుతాది. అప్పుడు వీపు మీద పచ్చగా గీత కనబడతాది, అదే గుడ్లు. ఎండకు ఎత్తి పట్టుకుంటే తెలుస్తాది. గుడ్లు ఆ లోతులోనే పెడతాయి. పుట్టిన పిల్లలు అలల మీద కొట్టుకొని ఏరు కలిసే చోటికి వచ్చి, ఆ సప్ప నీళ్ళలో పెరిగి, మళ్ళీ కడల్‌కే పోతాయి. గుంటలో ఎన్నాళ్ళుంచినా ఈనవు."

అత్త వంగి దోమతెరలోకి చూసింది. ఊరంతటికీ ఇచ్చిన మాట గుర్తొచ్చి కుంగిపోతుందేమోనని నేను భయపడ్డాను.

"అంటే, పురిటికి పుట్టింటికి పోవల్లంటుండాయి," అంది.

"అట్లనే అనుకో."

"ఆడపిల్లలు గదా. అడిగేది న్యాయమే." అంతలోనే అడిగింది. "మరి ఆ సంచుల్లో వచ్చిన పిల్లలు యాడ పుట్టినాయి?"

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉండవలసింది. కానీ తెలిసిన ప్రశ్న వస్తే ఆగే రకం కాను. సముద్రంలో పట్టిన తల్లుల్ని తెచ్చి తొట్లలో పెడతారని, అక్కడ గుడ్లు పెట్టవు గనక ఒక కన్ను కోసేస్తారని, కంటి కాడలో గుడ్లను ఆపే గ్రంథి ఉంటుందని, అది పోతే త్వరగా గుడ్లొస్తాయని పరీక్షలో జవాబు రాసినట్టు చెప్పేశాను. అత్త చెయ్యి దానంతటదే తన కంటి మీదకు పోయింది.

"కన్ను కోసి కానుపు చేస్తారా? వాళ్ళ చేతులు పడిపోను! ఆ తల్లుల పిల్లల్నా మేము పెంచింది?" దోమతెర పక్కన చతికిలబడింది. ఆమె లేచినప్పుడు మాత్రం గొంతు మామూలుగానే ఉంది. "రేపే బయల్దేరుతాము."

"యాడికత్తా?"

"వీటి పుట్టింటికి. ఊళ్ళోవాళ్ళకు ఇస్తానంటిని, ఇయ్యలేకపోతిని. కడల్‌కిస్తాను. విత్తనం ఎవరికిస్తే ఏమి? మొలిచే చోటికి ఇయ్యల్ల."

అలా నేను నా ఉద్యోగానికి సెలవు పెట్టి, మూతికి తడిగుడ్డ కట్టిన బిందెడు రొయ్యలతో, అత్తతో, వేంబార్ పోయే బస్సెక్కాను. రొయ్యల పని గదా అని కాలేజీ ల్యాబు నుంచి ముందే వెంట తెచ్చుకున్న, బ్యాటరీతో నడిచే గాలి పంపు బిందెలో పెట్టాను. అది బుడబుడమంటుంటే నాకు గర్వంగానే ఉంది. విళాత్తికుళం దాటాక ఆగిపోయింది. దాన్ని తట్టాను, ఊదాను, ఎండలో పెట్టాను. అత్త నా మొహం ఒకసారి, పంపు మొహం ఒకసారి చూసి, సంచిలోంచి గ్లాసు తీసి బిందెలో నీళ్ళు ఎత్తి ఎత్తి పోయడం మొదలుపెట్టింది.

"బిందెలో ఏంది పాట్టీ?" అని కండక్టరు అత్తను అరవంలో అడిగాడు.

"పురిటికి పోతుండారు," అని అత్త అరవంలోనే జవాబిచ్చింది.

కండక్టరు తొంగి చూసి, డ్రైవరుకు మెల్లగా పొమ్మని చెప్పి వచ్చాడు. అత్త చెయ్యి నొప్పెట్టాక పక్క సీటు ఆమె గ్లాసు అందుకుంది. తర్వాత ఎవరో ముసలాయన. తర్వాత కండక్టరు. నా వంతు వచ్చినప్పుడు గుంతలో పడి బస్సు ఎగిరింది, సగం నీళ్ళు నా ఒళ్ళో పడ్డాయి. గ్లాసు నా చేతిలోంచి తీసుకున్నారు.

వేంబార్ దగ్గర ఏరు సముద్రంలో కలిసే చోటికి నడిచాము. ఒడ్డున ఒకామె వల పరుచుకుని చిక్కులు తీస్తోంది. మమ్మల్ని చూసి, "మేమంతా అందులోంచి తీస్తుంటే మీరు అందులో వెయ్యడానికి వచ్చారా అక్కా?" అని నవ్వింది. అత్త మొదట్నుంచీ చెప్పుకొచ్చింది. సొరకాయ బుర్రలు, పిడికిలి, ప్యాకెట్లు, కన్ను, అన్నీ. కన్ను దగ్గరికి వచ్చేసరికి ఆమె వల పక్కన పెట్టేసింది. కోవిల్‌పట్టి సంతకు వారం వారం చేపలు తెచ్చి అమ్మే మనిషే ఆమె. భర్తను కేక వేసి, పడవలో తీసుకుపోయి ఏటి నోరు దాటించి వదలమని చెప్పింది.

వెంటనే ఇవ్వకూడదని నేను అడ్డుపడ్డాను. బావినీళ్ళలో పెరిగినవాటిని ఒక్కసారిగా సముద్రంలో వేస్తే తట్టుకోలేవు. గ్లాసుతో సముద్రపు నీళ్ళు తెచ్చి కొంచెం కొంచెంగా బిందెలో కలుపుతూ కూర్చున్నాను. నా చదువు పనికొచ్చింది ఆ ఒక్క పనికే. అత్తకు ఓపిక చాలలేదు. "పుట్టింటి గడపలో కూర్చోబెట్టి ఎంతసేపే నీళ్ళు చల్లుతావు?" అని విసుక్కుంది.

పడవ మనిషి వచ్చి బిందె ఇమ్మన్నాడు. అత్త ఇవ్వలేదు. చీర మోకాళ్ళ పైకి దోపి నీళ్ళలో దిగి, ఒక్కొక్క రొయ్యనూ పిడికిలితో తీసి, బొటనవేలు లోపలికే మడిచి, అతని తొట్టిలో వేసింది. రొయ్య తల మీద రంపంలాంటి ముల్లుంటుంది. వేలు లోపలుంటే గుచ్చుకోక ఏమవుతుంది? కాస్సేపటికి ఆమె అరచెయ్యంతా రక్తం. నేను చెబుతూనే ఉన్నాను. ఆమె వేలు బయటికి తియ్యలేదు.

పడవ కదిలాక నడుం మీద చేతులు పెట్టుకుని, పొరుగింటావిడతో మాట్లాడినట్టు సముద్రంతో మాట్లాడింది. "ఇస్తిని. బాగా చూసుకో. పంట వచ్చినప్పుడు మొదటి పిడికెడు మా ఇంటికి రావల్ల." తర్వాత వల బాగుచేసే ఆమె వైపు తిరిగి, "నువ్వే సాక్షి" అంది. ఆమె నవ్వలేదు. సరేనని తల ఊపింది.

ఆ తర్వాత అత్త కోవిల్‌పట్టికి సంత రోజున తప్పకుండా వచ్చేది. వంక వేరుశనగ చిక్కీ కొనుక్కోవడం. పళ్ళు ఎప్పుడో పోయాయి. ముక్క దవడన పెట్టుకుని, అది కరిగేదాకా చేపలమ్మే ఆమె గంప దగ్గర నిలబడేది.

"వచ్చిందా?"

"ఇంకా రాలేదక్కా."

అంతే మాట. ఆమె గంపలో రొయ్యలు లేకపోవడమేమీ కాదు. ఒక పిడికెడు తీసి ఇదిగో వచ్చిందని అత్త చేతిలో పెడితే ఆ ముసలి ప్రాణం సంతోషపడేది. ఆమె ఒక్కసారి కూడా అలా చెయ్యలేదు. అత్త కూడా ఆ మాట నమ్మి చిక్కీ చప్పరిస్తూ ఊరికి పోయేది.

నేను ఊరుకోలేదు. రొయ్య బతికేదే కొద్ది కాలమని, గుడ్లన్నిటిలో పిల్లయ్యేవి ఎన్నో చెప్పలేమని, కొన్నిటిని చేపలే తినేస్తాయని, మన రొయ్య సంతానమే తిరిగి మన చేతికి రావడమన్నది జరిగే పని కాదని బోర్డు మీద రాసినంత వివరంగా చెప్పాను.

"అదెట్ల రాకుండా పోతాది?" అంది.

"కడల్ శానా పెద్దదత్తా."

"పెద్దింటివాళ్ళకు మాట మీద నిలబడల్లని ఉండదా?"

మంచం పట్టాక సంతకు రాలేకపోయింది. నేను పోయినప్పుడల్లా నన్నే అడిగేది. చివరి సారి గొంతు లేదు, పెదాలే కదిలాయి. "వచ్చిందా?"

"లేదత్తా," అన్నాను.

వచ్చిందని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోతుందే అని బావ తర్వాత నా మీద పడ్డాడు. రుజువు లేకుండా ఏదీ చెప్పకూడదని నాకు నేర్పారు. పరిశోధనంతా బకెట్టును కావలించుకుని చేసినదానికి ఆ ఒక్క నియమం మాత్రం ఎలా ఒంటబట్టిందో తెలియదు. అత్త కోప్పడలేదు. బొటనవేలు లోపలికి మడిచి పిడికిలి మూసుకుని గోడవైపు తిరిగింది. పాడె ఎత్తేటప్పుడు కూడా ఆ చెయ్యి అలాగే ఉంది. దాన్ని చూస్తూ నిలబడిపోయానేమో, ఏడవడం కుదరలేదు.

పెద్దకర్మ మరునాడు మా వైపు మాంసం వండి చుట్టాలకు పెడతారు. ఇంటి వెనక పొయ్యిలు రాజేస్తుండగా చేపలమ్మే ఆమె వచ్చింది. గంప లేదు, చేతిలో చిన్న స్టీలు డబ్బా. అత్త పోయిందని సంతలో ఎవరో చెప్పారట. పటానికి దండం పెట్టుకుని, డబ్బా బావ చేతికిచ్చింది. అందులో రొయ్యలు. సరిగ్గా ఒక పిడికెడు.

"మా ఆయన మొన్న అక్కడే వలేశాడు, అక్క ఇచ్చినవి వదిలిన చోట," అంది అరవంలో. "టైగర్ రొయ్యలు ఆ పక్క పడక చాన్నాళ్ళయింది. మొన్న పడ్డాయి. అక్కవో కావో నాకు తెలియదు. సముద్రంలో ఎవరి పిల్లలని చెప్పగలం? కానీ ఒకదాన్ని ఎత్తి చూస్తే వీపంతా పచ్చగా ఉంది. అది విత్తనం, దాన్ని పట్టుకుపోతే అక్క ఊరుకోదని మా ఆయన మళ్ళీ నీళ్ళలో వదిలేశాడు. మిగతావి నేనింకా అమ్మలేదు, మేము తినలేదు. ముందు ఇక్కడికి రావాలి కదా. అందుకని తెచ్చాను."

అవి మనవని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు. ఆ మాట చెప్పడానికి నోరు కూడా తెరిచాను. ఈసారి మాత్రం మూసేశాను.

రొయ్యలు వండారు. వచ్చిన పిడికెడు ఇంట్లో ఎవరో ఒకరు ముందు నోట్లో వేసుకోవాలి. ఆ సంగతి అక్కడున్న ముసలివాళ్ళందరికీ గుర్తుంది. గిన్నె మధ్యలో పెట్టి అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను చెయ్యి చాపాను.

బావ నా మణికట్టు పట్టుకున్నాడు. "నీకు పడదు గదే! నేను తింటాలే."

"నువ్వు ప్యాకెట్టోడివి బావా," అన్నాను.

వాడు చెయ్యి వదిలేశాడు. నేను తిన్నాను. చిన్నదే. కారం బాగా వేశారు. ఎదురుగా మజ్జిగ గ్లాసు పట్టుకుని అడిగే మనిషి లేదు గనక, బాగుందని నాకు నేనే అనుకున్నాను. ముందు నాలుక దురద పెట్టింది. తర్వాత పెదాలు లావెక్కాయి. తర్వాత బుగ్గలు, రెప్పలు పొంగి, కళ్ళు గీతల్లా అయిపోయి, వాటిలోంచి ధారగా నీళ్ళు మొదలయ్యాయి.

"ఇప్పుడు దిగిందమ్మా దుక్కం," అంది ఒక ముసలామె, నన్ను దగ్గరికి లాక్కుని. "ఇన్నాళ్ళూ కడుపులోనే పెట్టుకునుండాది, పాపం."

"అత్తంటే ప్రాణం గదా. మొగం చూడు, ఎట్ల వాచిపోయిందో," అంది ఇంకొకామె. చావు రోజు నా కళ్ళు ఎండిపోయాయన్న గొంతు అదే.

ఇది దుఃఖం కాదు, రొయ్య అని చెబుదామనుకున్నాను. నాలుక తిరగలేదు. వాళ్ళు వీపు నిమురుతుంటే పొంగిన మొహంతో మధ్యలో కూర్చుని, నాకు దక్కవలసిన దానికంటే ఎక్కువ మెప్పు పొందాను. బావ బండి మీద పోయి మాత్ర తెచ్చి మింగించాడు.

పొద్దు వాలేసరికి వాపంతా దిగిపోయింది. చుట్టాలు బస్సులకు వెళ్ళిపోయారు. అత్త కూర్చునే అరుగు మీద కూర్చున్నాను. వాకిలి ఎవరో శుభ్రంగా ఊడ్చి ఉంచారు. బావ వచ్చి నా మొహంలోకి పరీక్షగా చూశాడు.

"వాపు పూర్తిగా తగ్గిపోయుండాది గదా. ఇంకా ఏంటికే కండ్లల్లో నీళ్ళు?"

"అలర్జీ బావా," అన్నాను.